చిచ్చా అడిగిన బీడు

మా పక్కింటి చిచ్చా పోయాడు. పాలకుర్తిలో నేను పనిచేసే బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతులకు వెళ్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "చిచ్చా పోయిండే. పొద్దుగాల చాయ్ తాగిండు, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. దవాఖానకు తీస్కపోయే పని గూడ పెట్టలే" అంది. నేను అక్కడ పీఈటీ టీచర్ని. మెడలో విజిల్ తీయడం కూడా మరిచిపోయి అలాగే బస్సెక్కి వరంగల్ మట్టెవాడకు వచ్చేశాను.

మర్నాడు ఒక పేపరు జిల్లా పేజీలో "మాజీ హాకీ ఆటగాడి మృతి" అని వేసింది. చిచ్చా జీవితంలో ఒక్కసారి కూడా హాకీ ఆడలేదు. ఆయన గోల్ఫ్ ఆడాడు. మామూలుగా కాదు, అదే వృత్తిగా దేశమంతా తిరిగి ఆడాడు, ఛాంపియన్ అయ్యాడు, మలేషియా, థాయిలాండ్ వరకు వెళ్లి గెలిచి వచ్చాడు. మీలో చాలామందికి ఈ సంగతి తెలియదని నాకు తెలుసు. మన ఊళ్లో ఒక కార్పొరేటర్ పుట్టినరోజు ఎప్పుడో అందరికీ తెలుస్తుంది, గోడలన్నీ అదే చెబుతాయి కాబట్టి. చిచ్చా ఏ ఆట ఆడాడో రాయవలసిన విలేఖరికే తెలియకపోతే మిమ్మల్ని ఏమనగలను?

ఆయన పోయిన రోజు నేను వెళ్లేసరికి ఇల్లంతా జనం. చాచీ, అంటే చిచ్చా భార్య, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఒక నాయకుడు వచ్చాడు. పేరెందుకులెండి, అలాంటివాళ్లు అందరూ ఒకటే. చావింటికి మనుషులు ఏడుపు మొహంతో వస్తారు, ఈయన ఫోటోగ్రాఫర్‌తో వచ్చాడు. అనుచరుడి చేతిలోంచి జరీ అంచు శాలువా తీసుకుని, మడత విప్పుతూ, కెమెరా ఎటుందో చూసుకుంటూ చిచ్చా మంచం దగ్గరికి నడిచాడు. చాచీ కూర్చున్నచోటి నుంచే చెయ్యి అడ్డం పెట్టింది.

"నక్కో బాబా. బతికినన్నాళ్లు కప్పిన్రు గదా. ఇగ సాలు."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. పళ్లికిలించి, శాలువా అనుచరుడి భుజం మీద వేసి, గుమ్మం దగ్గర ఒక ఫోటో దిగి వెళ్లిపోయాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. చాచీ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ శాలువాల సంగతి చెప్పాలంటే చిచ్చా సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

గోల్ఫ్ తెలియనివారికి ఒక్క మాట. చిన్న తెల్ల బంతిని ఇనుప తలకాయ ఉన్న కర్రతో కొట్టుకుంటూ పోయి, ఎక్కడో దూరంగా చిన్న జెండా పాతిన గుంతలో వేయాలి. తక్కువ దెబ్బల్లో వేసినవాడు గెలిచినట్టు. హైదరాబాదులో ఇలాంటి మైదానం ఒకదానిలో చిచ్చా మేనమామ మాలీగా ఉండేవాడు. పదో తరగతి తప్పిన చిచ్చా ఆయన దగ్గరికి పోయి, ఆడేవాళ్ల సంచులు మోసే పనిలో చేరి, విరిగిన కర్రలతో కొట్టడం నేర్చుకున్నాడు. ఇక్కడ నేను కళ్లనీళ్లు పెట్టించవచ్చు గానీ ఆయనకు అది గిట్టదు. సభల్లో ఎవరో ఒకరు "పేదరికాన్ని జయించి" అని మొదలుపెట్టగానే పక్కవాళ్లకు వినిపించేలా గొణిగేవాడు. "పేదరికాన్ని ఎవడు జయించిండు? నేను గెలిచింది ఆటల."

ఆ సంచుల యజమానుల మీద ఆయనకున్న చిన్నచూపు అంతా ఇంతా కాదు. "బంతి పొదలల్లకు పోతది. ఎవ్వడు చూస్తలేడని కాలుతోటి బయటికి నూకుతరు. సాయంత్రం కూసొని దేశం ఎందుకు పాడయితాందో మాట్లాడుతరు" అనేవాడు. అలాంటి ఒక క్లబ్బు మైదానంలోనే ఆయన పెద్ద ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ సాయంత్రం విందు లోపల, మెంబర్లకు. గెలిచిన మనిషికి మాత్రం వెనక టెంటులో, వంటవాళ్ల పక్కన ఒక ప్లేటు పెట్టారు. చిచ్చా ఆ ప్లేటు ముట్టలేదు. కప్పు చంకలో పెట్టుకుని స్టేషన్‌కు వెళ్లి వరంగల్ రైలెక్కాడు. దారిలో జామకాయలు అమ్మొస్తే కొని, కప్పు నిండా పోయించుకుని పెట్టెలో ఉన్నవాళ్లకు పంచాడట. కప్పు దేనికి పనికొస్తుందో ఆ రోజే తెలిసిందని చెప్పేవాడు.

ఇంటికొచ్చాక ఆ కప్పులో చాచీ వెల్లుల్లి పోసింది. ఎవరైనా విలేఖరి వస్తే వెల్లుల్లి చాటలో కుమ్మరించి, కప్పు కొంగుతో తుడిచి ఇచ్చేది. ఫోటోలు తీసేవాళ్లు మూతి తిప్పుకుంటుంటే చిచ్చా మొహంలో కనిపించిన సంతోషం ఏ పతకం దొరికినప్పుడూ కనిపించి ఉండదు.

వెన్ను దెబ్బతిని ఆట ఆగిపోయాక ఆయన సాటి ఆటగాళ్లు చాలామంది క్లబ్బుల్లోనే కోచ్‌లుగా కుదిరారు. ఈయనకూ పిలుపు వచ్చింది. "మల్ల ఆ సార్ల ఊపుకు వాహ్వా అనాల్నా? నాతోటి కాదు" అని మట్టెవాడకు వచ్చేశాడు. వచ్చినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఒకే ఒక్క కోరిక. ఊరవతల ఎక్కడైనా ఖాళీ జాగా ఇస్తే మన పిల్లలకు ఈ ఆట నేర్పాలని. క్లబ్బు వద్దు, మెత్తటి గడ్డి వద్దు, ఏసీ గదులు అసలే వద్దు. బంతి కొడితే ఎగిరి పడేంత బీడు చాలు. దాని కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. ఒక ఆఫీసులో అధికారి తల కూడా ఎత్తకుండా "గోల్ఫా? మనోళ్లు ఆడేదా అది?" అన్నాడట. "మనోళ్లు మోసేది అయితది గని ఆడేది కాదా సార్?" అని అడిగితే రేపు రమ్మన్నాడు.

జాగా ఇవ్వలేదు గానీ శాలువాలు మాత్రం ఇచ్చారు. క్రీడా దినోత్సవానికి ఒకటి, ఉగాదికి ఒకటి, ఏ కాలేజీ వార్షికోత్సవమైతే ఆ కాలేజీ వాళ్లది ఒకటి. మన తెలుగువాళ్ల సన్మానం మీకు తెలిసిందే కదా. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, ఎండాకాలమైనా సరే శాలువా కప్పి, చేతిలో ప్లాస్టిక్ మెమెంటో పెట్టి, రెండు మాటలు మాట్లాడమంటారు. పిలిచిన ప్రతిచోటికీ చిచ్చా వెళ్లేవాడు. స్టేజీ మీద పెద్దమనుషులు ఉంటారని, అక్కడైతే తప్పించుకోలేరని ఆయన ఆశ. మైకు అందుకుని నిజంగా రెండే మాటలు మాట్లాడేవాడు. "జాగ ఇయ్యున్రి" అని కూర్చునేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. స్టేజీ మీది వాళ్లు కూడా కొట్టేవారు. ఎవరిని అడిగాడో వాళ్లే చప్పట్లు కొట్టడం నేను నా కళ్లతో చూశాను.

చివరికి ఆయనే ఒక జాగా చూసుకున్నాడు. ఖమ్మం రోడ్డు మీద, వర్ధన్నపేట వైపు పోతుంటే ఊరు దాటాక ఒక ప్రభుత్వ బీడు ఉండేది. తుమ్మచెట్లు, పగిలిన సీసాలు, కోళ్ల ఈకలు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నన్నూ, మా గల్లీవాళ్లను మరో ఇద్దరు ముగ్గురినీ ఆటోలో కుక్కుకుని పొద్దున్నే తీసుకుపోయేవాడు. అందరం కలిసి తుమ్మకంప కొట్టాం, గాజుపెంకులు ఏరాం. ఆయన గడ్డపారతో అక్కడక్కడ గుంతలు తవ్వాడు. మా అమ్మ జాకెట్లు కుడుతుంది, ఆమె దగ్గర మిగిలిన ఎర్ర లైనింగు గుడ్డతో జెండాలు చేసి గుంతకొకటి పాతాం.

నేర్పేటప్పుడు ఆయన నోటికి హద్దుండేది కాదు. "నువ్వు కొడుతున్నవా, దోమలను తోలుతున్నవా?" అనేవాడు. నాకు కోపమొచ్చి బంతిని పిచ్చిగా బాదితే అది పక్కకు పోయేది. "బంతికి నీ మీద పగ లేదు బేటా. నువ్వెవలో గూడ దానికి తెలవది. నువ్వే పోయి దాంతోటి లొల్లి వెట్టుకుంటున్నవ్" అని, దగ్గరికొచ్చి నా బొటనవేలు కర్ర మీద ఎక్కడుండాలో సరిచేసి పోయేవాడు. ఒకరోజు కుదిరింది. చేతికి ఏమీ తగలనట్టే అనిపించింది, తలెత్తి చూస్తే బంతి తుమ్మచెట్ల మీదుగా ఇంకా పోతూనే ఉంది. చిచ్చా కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అది పడేదాకా చూశాడు. తిట్టలేదు. నా జన్మలో అంత ఆనందపడిన రోజులు చాలా తక్కువ.

మేం ఆటకు జెండాలు పాతామా, మన ఊరికి మాత్రం జెండా పాతిన జాగా అంటే ఒకటే అర్థం. ఒక పొద్దున కారు ఆగింది. తెల్ల చొక్కా ఆయన దిగి, చిచ్చా దగ్గరికొచ్చి, "గజం ఎంత?" అన్నాడు.

"ఏంది?" అన్నాడు చిచ్చా.

"ప్లాట్లు గదా కాకా? ఇది తూర్పు ముఖమేనా?"

"అన్నిటి ముఖం ఆకాశం దిక్కే" అని చిచ్చా బంతి వైపు తిరిగాడు. ఆయన నమ్మలేదు. ఒక గుంత మీద నిలబడి భార్యకు ఫోన్ చేసి, "కార్నర్ బిట్టు ఉన్నది, జల్ది చెప్పు" అన్నాడు. ఆ తర్వాత ఇంకెవరో వచ్చారు, ఇంకెవరో వచ్చారు. రోడ్డు ఎంత వెడల్పు, బోరు పడుతుందా, లోన్ వస్తుందా అని అడిగారు. చేతిలో కర్ర పట్టుకున్న ఛాంపియన్‌ను చూసి ఇదేం ఆట అని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. భూమి కనిపిస్తే కొనడం, అమ్మడం తప్ప దాని మీద ఇంకో పని కూడా చేయవచ్చని ఈ ఊరి బుర్రలోంచి ఎప్పుడో పోయింది.

అలా మాట పాకి రెవెన్యూ వాళ్ల దాకా పోయింది. జీపులో వచ్చారు. ప్రభుత్వ భూమిలో జెండాలు పాతి కబ్జా పెడుతున్నారని ఫిర్యాదు. చిచ్చా కర్ర చూపించాడు, బంతి చూపించాడు, ఒక బంతి కొట్టి కూడా చూపించాడు. వచ్చిన అధికారి గుంతలోకి తొంగిచూసి నవ్వాడు. "గింత పెద్ద జాగల గింతంత గుంత తవ్వుకొని ఆడుకుంటరా? మా చెవుల పూలు వెడుతున్నవా?" అన్నాడు. అంతకుముందు క్రీడా దినోత్సవం నాడు చిచ్చాకు శాలువా కప్పినవాళ్లలో ఆయనా ఉన్నాడు. ఆ సంగతి చిచ్చా గుర్తు చేయలేదు. నేను చేయబోతే కళ్లతోనే ఆపాడు.

మా జెండాలు పీకేశారు, మళ్లీ కనిపిస్తే కేసన్నారు. పై వారం బస్సులో పోతూ చూస్తే బీడులో జెండాలున్నాయి. మావి కావు. నీలం రంగు పూసిన రాళ్లతో సహా వరసగా నాటారు. నిజం ప్లాట్ల వాళ్లు మా జెండాలు చూసి, ఎవరో తమకంటే ముందే దిగారని కంగారుపడి పరిగెత్తుకొచ్చారన్నమాట. వాళ్ల జెండాలు పీకడానికి ఏ జీపూ రాలేదు. కొన్నాళ్లకు సగం బీడు గోడలైపోయింది.

ఆ తర్వాత చిచ్చా కొన్నాళ్లు మేడ దిగలేదు. ఒక మధ్యాహ్నం పెద్ద మూటతో మా ఇంటికొచ్చి, మిషన్ దగ్గర కూర్చున్న అమ్మ ముందు పెట్టి, "చెల్లె, ఇవన్ని కలిపి కుట్టియ్యి. డబల్ వెయ్యి" అన్నాడు. విప్పితే అన్నీ శాలువాలే.

"అయ్యో భాయ్, గింత మంచియి! ఆడివిల్లలకు చున్నీలయితయి" అంది అమ్మ.

"ఇవి నోరు మూసుకొమ్మని ఇచ్చిన బట్టలు చెల్లె. వీటితోటే జర సప్పుడు చేద్దామని."

అమ్మ సూదులు విరగ్గొట్టుకుంటూ, ఆయన్ను తిట్టుకుంటూ కుట్టింది. ఆ దుప్పటిని చిచ్చా వాళ్ల మేడ మీద, నీళ్ల ట్యాంకుకూ ఒక ఇనుప కంబానికీ మధ్య వేలాడదీశాడు. అదే మా మైదానం. జరీ పువ్వుల మధ్య ఏదో సంఘం పేరు అచ్చేసి ఉండేది, నేను సరిగ్గా దాన్నే చూసి కొట్టేదాన్ని. ధబ్‌మని మోగేది. గల్లీలో ఒకాయన ఆ చప్పుడుకు నిద్ర పట్టడం లేదని పోట్లాటకొచ్చాడు. చిచ్చా ఆయన చేతికి కర్ర ఇచ్చి ఒకటి కొట్టమన్నాడు. ఆ తర్వాత ఆయన రోజూ రావడం మొదలుపెట్టాడు.

కానీ శాలువాకు తగిలిన బంతి అక్కడే కింద పడుతుంది. అది ఎగరదు. ఎంత బాగా కొట్టినా అంతే. చిచ్చా చప్పుడు విని అది ఎక్కడ పడి ఉండేదో చెప్పేవాడు. "ఇది స్టేషన్ దాటింది" అనేవాడు. చెడిపోతే, "వడియాలు ఎండవెట్టిన మేడ మీద పడ్డది, పోయి మాఫీ అడిగిరా" అనేవాడు. మేం నవ్వేవాళ్లం. ఒకసారి మాత్రం కర్ర గోడకు ఆనించి, "బంతి ఎగురుడు చూసి ఎన్నేండ్లయిందో బేటా. కలల గూడ శాలువకే తగులుతాంది" అన్నాడు. ఛాంపియన్ అన్నవాడు తన సొంత ఊళ్లో ఒక్క బంతి ఎగరడం చూడడానికి మొహం వాచిపోయాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఈ ఊరి మీద అసహ్యం వేస్తుంది. పెద్ద మాటే, అయినా వెనక్కి తీసుకోను.

నేను ఛాంపియన్‌ను కాలేదు. ఆయన నేర్పినవాళ్లలో ఎవరూ కాలేదు, మేడ మీద ఛాంపియన్లు తయారవరు. కానీ నేను ఆటల టీచర్ని కావడానికి ఆయనే కారణం. పిల్లను తిట్టినా సరే, తిట్టాక దగ్గరికి పోయి బొటనవేలు సరిచేయాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నాకు ఇంత ఇచ్చిన మనిషి ఇంకొకరు లేరు. బతికుండగా ఆ మాట ఆయనతో అంటే, "సన్మానం చేస్తున్నవా?" అని తరిమేవాడు.

ఆయన పోయాక సంతాప సభ పెట్టారు. శాలువాతో వచ్చిన ఆ నాయకుడే మైకు పట్టుకుని, ఖమ్మం రోడ్డు బీడులో మిగిలిన జాగాను ఛాంపియన్ గారి పేరు మీద కేటాయిస్తున్నామని ప్రకటించాడు. ఏళ్ల తరబడి కదలని కాగితం మనిషి పోగానే పరిగెత్తింది, ఎన్నికలు దగ్గరపడ్డాయి మరి. అయినా ఇంటికి పరుగున పోయి చాచీకి చెప్పాను. "జాగ ఇచ్చిన్రా?" అంది. ఇచ్చారన్నాను. "ఖరేనా?" అంది. నిజమే అన్నాను. ఆమె లోపలికి పోయి చాలాసేపు బయటకు రాలేదు.

ప్రారంభోత్సవానికి చాచీని పిలిచారు. స్టేజీ మీద ఫోటోకు బాగుంటుంది, ఆయన కర్ర తెమ్మన్నారు. నేను ఆయన సంచి మోసుకుని ఆమె వెంట వెళ్లాను. చుట్టూ ఇనుప కంచె, సిమెంటు బెంచీలు, నడవడానికి బాట, మధ్యలో పచ్చగడ్డి. ఆ గడ్డి చూడగానే నా చూపు బంతి పోయే దారి వెతికింది. బంతి కొట్టడానికి సరిపోయే ఎత్తులో, ఏ అడ్డూ లేకుండా వెనక తుమ్మచెట్ల దాకా ఉంది, అటువైపు మనుషులు లేరు. ఉపన్యాసాలు అయ్యాయి. నాయకులు కర్రను తలకిందులుగా, దాని ఇనుప తలకాయ పైకి పెట్టి పట్టుకుని, ఫోటోలు దిగి కార్లెక్కారు. జనం కూడా పలచబడ్డారు.

గేటు పక్కన కొత్త బోర్డు ఉంది. చాచీకి ఉర్దూ వచ్చు, తెలుగు చదవడం రాదు. "ఏం రాసిన్రు బేటా?" అంది. పైన పెద్ద అక్షరాల్లో చిచ్చా పేరు, ఛాంపియన్ అని బిరుదు. అంతవరకు గట్టిగా చదివాను.

"కింద గూడ ఉన్నది గదా?"

చదివాను. "ఈ పార్కులో బంతి ఆటలు ఆడరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు."

ఆమె నా మొహం వైపు చూసింది, వేళాకోళం ఆడుతున్నానేమో అన్నట్టు. "మల్ల చదువు" అంది. మళ్లీ చదివాను. చాచీ పోయి సిమెంటు బెంచీ మీద కూర్చుని బుర్ఖా సర్దుకుంది.

"సంచిల బంతులున్నయా?"

"ఉన్నయి చాచీ."

"కొట్టు."

గడ్డి మీదకు నడిచి బంతి పెట్టాను. వెనకనుంచి విజిల్ వినిపించింది, కొత్తగా పెట్టిన వాచ్‌మన్ కర్ర ఊపుకుంటూ వస్తున్నాడు. "ఓ మేడం! బోర్డు కనవడతలేదా? ఆడొద్దు! చెప్తాంటే మీకే!" బొటనవేలు సరిచేసుకున్నాను. తల వంచాను, కొట్టాను. చేతికి ఏమీ తగలనట్టే అనిపించింది. బంతి బాట దాటింది, కంచె దాటింది, తుమ్మచెట్ల మీద ఇంకా పైకి లేస్తూనే ఉంది. చాచీ బెంచీ మీంచి లేచి నిలబడింది.

వాచ్‌మన్ నా పక్కకొచ్చి ఆగాడు. విజిల్ నోట్లోనే ఉంది, ఊదడం లేదు. ఆకాశంలో ఇటూ అటూ వెతికాడు. తర్వాత విజిల్ తీసి, గేటు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంకొకటి కొట్టున్రి మేడం. నేను సక్కగ చూడలే."